తల్లి కన్ను తగలకుండా

నిత్య తిన్నది గుప్పెడు అన్నం, రెండు వంకాయ ముక్కలు. ఎదురుగా కూర్చున్న లక్ష్మీదుర్గ కూతురి కంచం వంకే చూస్తోంది తప్ప ఆ చేతుల మీదికి చూపు పోనివ్వడం లేదు.

"ఇంకాస్త పెట్టుకోవే. పులుసన్నా పోసుకో."

"చాలమ్మా. సాయంత్రం వాయించాలి. కడుపు నిండితే కూర్చోలేను."

రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన పిల్ల. అదీ రెండు గంటల కోసం. పొద్దున వియన్నా నుంచి దిగింది, కచేరీ పెట్టినవాళ్లు హోటల్‌కి తీసుకెళ్లారు. రేపు తెల్లారితే సియోల్ విమానం. పుట్టింది ఈ కువైట్ ఆసుపత్రిలోనే అయినా ఇప్పుడు ఇక్కడ ఉండటానికి ఇఖామా పర్మిట్ లేదు, విజిట్ వీసా మీద వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆపేస్తారేమోనని లక్ష్మీదుర్గ లేచిన దగ్గర్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. "దిగేశానమ్మా" అని ఫోన్ వచ్చాక కాఫీ పెట్టుకుంది. సగం తాగేసరికి, హోటల్ లిఫ్టు మధ్యలో ఆగిపోతేనో అన్న భయం పట్టుకుంది.

నిత్య దేశదేశాల్లో పియానో కచేరీలు చేస్తుంది. ఏడాదికి డెబ్బై దాకా. ఇదంతా మొదలైంది కువైట్ శివారు అమ్ఘరాలో. తండ్రి సోమేశ్వరరావు అక్కడ పాత సామాన్ల యార్డులో స్టోర్‌కీపరు. దేశం వదిలి వెళ్లిపోతున్న ఎవరిదో ఇంటి సామానుతో పాటు ఒక ముసలి పియానో తుక్కులోకి వచ్చిపడింది. చెక్క పగలగొట్టి తీగెలు వేరు చెయ్యబోతుంటే ఆయన అడ్డుపడి ఇంటికి తెచ్చాడు. అందులో మూడు మెట్లు మోగేవి కావు. ఎనిమిదేళ్ల నిత్య ఆ మూడింటి దగ్గరా నోటితో పాడి నింపేసేది. అది విని పై అంతస్తులో ఉండే లెబనాన్ పియానో టీచరమ్మ కిందికి దిగొచ్చి నేర్పడం మొదలెట్టింది. పదిహేడేళ్లకి వియన్నాలో చదువు, తర్వాత పోటీలు, బహుమతులు, పేరు.

ఆ పేరంతా లక్ష్మీదుర్గ విన్నదే గాని చూసింది కాదు.

నిత్యకి పన్నెండేళ్లప్పుడు స్కూలు స్టేజీ మీద వాయిస్తుంటే, తల్లి కన్నార్పకుండా చూసింది. ఆ వేళ్లు మెట్ల మీద పరిగెడుతుంటే, ఎంత ముద్దొస్తున్నాయో అనుకుంది. అంతే. మర్నాడు కారు తలుపు పడి కుడిచేతి ఉంగరపు వేలు నలిగిపోయింది. మూడు నెలలు కట్టు. అందరి దిష్టీ తియ్యొచ్చు గాని కన్నతల్లి దిష్టి తియ్యడం ఎవరి వల్లా కాదని వాళ్ల అత్తగారు అంటూండేది. ఆ రోజు నుంచి నిత్య ఇంట్లో సాధన చేసుకుంటుంటే లక్ష్మీదుర్గ వంటింట్లో వీపు తిప్పుకుని వినేది. ఇప్పుడు కచేరీ వీడియోలు వస్తే ఫోన్ బోర్లా పెట్టి వింటుంది. ఈ సంగతి భర్తకి తెలుసు. పైకి చెబితే పిల్లకి ఇంకేమవుతుందోనని కూతురికి మాత్రం చెప్పలేదు.

"సాయంత్రం వస్తావా, మళ్లీ మోకాళ్ల నొప్పులేనా?" చెయ్యి కడుక్కుంటూ అడిగింది నిత్య. "బెర్లిన్‌కి మోకాళ్లు, లండన్‌కి మోకాళ్లు. ఇక్కడికి కారెక్కితే ఇరవై నిమిషాలు."

"వత్తానే."

నిత్య నమ్మనట్టు చూసింది. "మూడో వరసలో ఎడంవైపు మీకు సీట్లు పెట్టించాను. అక్కడైతే నా చేతులు బాగా కనిపిస్తాయి. స్టేజీ మీదికి రాగానే ముందు అక్కడే చూస్తాను. నువ్వు లేకపోతే…"

"లేకపోతే ఏటే?"

"ఏం లేదులే. అలవాటే నాకు."

సాయంత్రం హాల్లో అడుగుపెట్టగానే లక్ష్మీదుర్గ ముందు స్టేజీ వంకే చూసింది. స్టేజీ మీద పియానో నల్లగా నిగనిగలాడుతోంది. ఎడంవైపు నుంచి తెల్లమెట్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి.

"ఏవండీ, అటు కుడివైపు కూర్చుంటే ఏం కనపడద్ది?"

"మొహం కనపడద్ది. చేతులు కనపడవు."

"అయితే అటే పోదారండి."

"నీకేవన్నా మతుందా? పిల్ల ఇక్కడ చూత్తానంది కదా!"

"మళ్లీ దాని చెయ్యి నలగాలా అండీ?"

ఆయన టిక్కెట్లు జేబులో పెట్టుకుని ఆవిడ వెనకే నడిచాడు. కుడివైపు ఎవరో కువైటీ దంపతులు కూర్చుని ఉన్నారు. లక్ష్మీదుర్గ తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, మోకాళ్లు చూపిస్తూ, సీట్లు మార్చుకోమని బతిమాలింది. మోకాళ్లకీ కుడివైపుకీ సంబంధమేమిటో ఆ కువైటీ ఆవిడకి అర్థం కాలేదు గాని, మంచి సీట్లు దొరుకుతుంటే ఎందుకు కాదంటారు? సంతోషంగా లేచి వెళ్లారు.

దీపాలు తగ్గాయి. నల్ల పట్టు గౌనులో నిత్య వచ్చి వంగి దండం పెట్టింది. తల ఎత్తుతూనే చూపు మూడో వరస ఎడంవైపుకి వెళ్లింది. అక్కడ కువైటీ పెద్దాయన నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు.

నిత్య మొహంలో వెలుగు తగ్గిపోయింది. వెళ్లి పియానో ముందు కూర్చుంది.

గంటసేపు వాయించింది. ఆ గంటా లక్ష్మీదుర్గకి కనిపించింది ఆ మొహమే. బిగించిన దవడ. కళ్ల కింద చారలు. ముప్పై ఒక్క ఏళ్లకే చెవి పక్కన తెల్లవెంట్రుక. జనం ఈలలేసి మరీ చప్పట్లు కొట్టినా నవ్వలేదు. మధ్యలో చెయ్యి తుడుచుకుంటూ మళ్లీ ఒకసారి ఆ ఎడంవైపుకే చూసి, తనని తనే తిట్టుకున్నట్టు తల దించేసుకుంది. ఇక్కడున్నానే తల్లీ అని అరవాలనిపించి లక్ష్మీదుర్గ కొంగు నోట్లో కుక్కుకుంది. చేతుల్ని కాపాడుతున్నాననుకుందే గాని, ఈ మొహం సంగతి ఆవిడకి ఎన్నడూ తోచలేదు.

విరామం ఇవ్వగానే లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు సోమేశ్వరరావు.

"మన సీట్లలోకి."

"భయం పోయిందేటి?"

"పోలేదండీ. సచ్చేంత ఉంది. ఊరూరా ఇలా కాళీ సీటు చూసుకుంటా వాయిత్తందని నాకేం తెలుసు?"

లక్ష్మీదుర్గ మళ్లీ రావడం చూసి కువైటీ ఆవిడకి నవ్వొచ్చింది. "మోకాళ్ల నొప్పి ఖలాస్?" అని అడిగింది.

"ఖలాస్ మామా, ఖలాస్," అంది లక్ష్మీదుర్గ, అరబ్బీ పద్ధతిలో అమ్మా అని పిలుస్తూ. ఆ కువైటీ ఆవిడ నవ్వుతూనే భర్తని లేపింది.

నిత్య మళ్లీ వచ్చింది. వంగి దండం పెట్టింది. ఈసారి ఎడంవైపు చూడలేదు. ఇంక చూడకూడదని లోపలే అనుకుని వచ్చినట్టుంది. నేరుగా వెళ్లి కూర్చుని చేతులెత్తింది.

"నిత్యా!"

మూడు వరసలు వెనక్కీ ముందుకీ తిరిగి చూశాయి. ఎవరో ఉష్ అన్నారు. సోమేశ్వరరావు సిగ్గుతో సీట్లో కిందికి జారిపోయాడు.

ఎత్తిన చేతులు అలాగే గాల్లో ఉండగా నిత్య తల తిప్పింది. తల్లి సీటు అంచున కూర్చుని, చెమటలు కారుతూ, తనకేసి కళ్లింత చేసుకుని చూస్తోంది. నిత్య మొహంలో మళ్లీ వెలుగొచ్చింది. చేతులు దించి గౌనుకి తుడుచుకుంది. తర్వాత మెట్ల మీద వేళ్లు ఆనించింది.

సోమేశ్వరరావు భార్య చెవి దగ్గరికి వంగాడు. "భయమేత్తే కళ్లు మూసుకో లక్ష్మీ."

"మీరూరుకోండి," అంది ఆవిడ, ఆ చేతుల మీంచి చూపు తిప్పకుండా. "పిల్ల వాయిత్తంది."