గడపలో మేకు

సుత్తి పడగానే చింతపండు చిట్లి గింజ ఎగిరి పడుతోంది. పంకజాక్షి ఎడమచేత్తో పండు తిప్పుతూ, కుడిచేత్తో కొడుతూ పొద్దుటినుంచి తల ఎత్తలేదు. పదిహేడేళ్లకే వేళ్లు పులుపుకు తెల్లగా ఉబ్బి, చివర్లు పగిలి ఉన్నాయి. పాకాల రైలుగేటు పక్క మండీలో గింజ తీసే ఆడవాళ్లందరిలోకీ ఆమే చిన్నది.

"ఏమ్మే పంకజం, నిన్న మిట్టమద్యాన్నం గేటుకాడ మీ అక్కను సూసినా. తెల్లకోక కట్టుకోనుండాది," అంది చంద్రకాంతమ్మ.

"నీ మొగం! అది గేటుమేను పెండ్లామే, దుప్పటి ఆరేస్తా ఉన్నింది," అని పక్కామె అనేసరికి అందరూ నవ్వారు.

పంకజాక్షి నవ్వలేదు. భయపడనూ లేదు. ఒక్క క్షణం ఆశ పడింది, అంతే.

పురిటికి పుట్టింటికొచ్చిన అక్క మునిరత్నమ్మ, ఆడపిల్లను కన్న మూడోనాడు జ్వరమొచ్చి పోయింది. పదకొండు రోజులైంది. బాలింతగా పోయిన మనిషి బిడ్డకోసం వెనక్కి వస్తుందని, వల్లకాటినుంచి ఇంటిదాకా దారంతా ఆవాలు చల్లారు. ఒక్కో గింజా ఏరుకుంటేగాని దయ్యం ముందుకు అడుగు వేయలేదట. అదీ దాటి వస్తే ఆపడానికి గడపలో ఇనుప మేకు దిగ్గొట్టారు.

బిడ్డకు ఆవుపాలు ఇమడడం లేదు. తాగింది తాగినట్టే కక్కేస్తోంది. ఈ సాయంత్రం అక్క అత్త శకుంతలమ్మ వచ్చి వడమాలపేటకు తీసుకుపోతుంది. అక్కడ అక్క ఆడబిడ్డ పాలిచ్చే తల్లి. మంచిదే, కాదనలేరు. కానీ పోయిన బిడ్డ మళ్లీ ఈ ఇంటి మొహం చూస్తుందా? అదే అక్క వచ్చి, రోజూ మధ్యాహ్నం కడుపునిండా పాలిచ్చి పోతే, బిడ్డ ఇక్కడే ఉండిపోతుంది. పంకజాక్షికి అందులో చిక్కేమీ కనిపించలేదు.

అందుకే వారంగా తిండివేళ సంగటి ముద్ద అట్లాగే మూతపెట్టి, వెళ్లి ఆ దారిలో ఆవాలు ఏరుతోంది. చీమలు ఎత్తుకుపోగా మిగిలినవి. ఇసుకలో, గడ్డి మొదళ్లలో, బండి జాడల్లో. ఈవేళ మిగిలింది ఇంటిముందు బారెడు నేల. మోకాళ్లమీద పాకుతూ ఏరింది. చివరి గింజ కొంగులో వేసుకుని, మేకు పీకుదామని గడప ముందు కూర్చుంది. మేకుమీద మెత్తిన పసుపు ముద్దను గోటితో గీకింది.

కింద మేకు లేదు. బొక్క ఉంది.

లోపల బిడ్డను తొడలమీద పరుండబెట్టుకున్న తల్లి వరదమ్మ ఇటు చూడలేదు.

"అమా, మేకేదే?"

"అది పోయిన మూడోనాడే పీకేసినా. ఎవురికీ కనపడకుండా పసుపు మెత్తినా."

పంకజాక్షి ఆ బొక్కలో వేలు పెట్టి చూసింది.

"నువ్వు ఆవాలు ఏరతావుండేది నాకు తెలీదనుకున్న్యావా? ఎనిమిది దినాలుగా మద్యాన్నం తలుపు ముయ్యకుండా ఈడనే కూకోనుండా." వరదమ్మ బిడ్డ మూతి తుడిచింది. "అది రాలేదు పంకజం. బతికుండగా ఒక్క పిలుపుకు పలికేది. ఇప్పుడు దయ్యంగా గూడా రాలేక పాయె."

పంకజాక్షి లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఇంక మండీకి పోలేదు. ఎండ గడప దిగిపోయేదాకా ఇద్దరూ వాకిలివైపే చూశారు. ఒక కోడి వచ్చి, తల వంచి లోపలికి తొంగిచూసి, పోయింది.

పొద్దు వాలాక శకుంతలమ్మ వచ్చింది. బిడ్డ పక్కటెముకలు తడిమి చూసి ముక్కు చీదింది. "ఏడవబాకండి వదినా, నా మనవరాలు కాదా? ఈ బస్సు పోతే ఇంకోటి లేదు," అంటూ ఆత్రంగా గుడ్డలు మూటగట్టింది. బిడ్డను ఎత్తుకుని బస్సుదాకా పంకజాక్షే నడిచింది. చేతులు మారేటప్పుడు కూడా బిడ్డ ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేదు. బస్సు మలుపు తిరిగింది.

తిరిగొచ్చేసరికి వరదమ్మ గోడకు తిరిగి పడుకుని ఉంది. పంకజాక్షి దొడ్లోకి నడిచింది. అక్కడ కంచెమీద, తడి ఆరలేదని వదిలేసి పోయిన అరచేతంత తెల్లచొక్కా, రెండు చేతులూ చాపి ఆరుతూ ఉంది.