బండల మీద మావాళ్లు

నా భర్త దావూద్ చేతులు కూడా ఒకరోజు నల్లబండ మీదికి ఎక్కుతాయేమోనన్నదే నా భయం. దాన్ని మించిన భయం నాకు లేదు.

మాది నందికొట్కూరు రోడ్డు పక్క ఊరు. ఊరి చివర పలుగురాళ్లను పిండిచేసే మిల్లు ఉంది. ఆ తెల్లపొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. ఆరేళ్లలో పద్దెనిమిది మంది పోయారు. ఆస్పత్రి కాగితాల్లో అందరికీ టీబీ అనే రాశారు. దావూద్ ఆ మిల్లులోనే పనిచేస్తాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పి, తల కడుక్కున్నాకే పాపను ముట్టుకోనిస్తాను. పాప నిద్రలో కాస్త దగ్గినా లేచి కూర్చుంటాను.

మొదటి బొమ్మ పీరమ్మ గీసింది. ఆమె కూడా పన్నెండేళ్లు ఆ మిల్లులో గంపలు మోసింది. కొడుకు ఉరుకుందు ఇరవైతొమ్మిదేళ్లకే పోయాడు. ఇల్లు కట్టగా మిగిలిన నల్ల నాపబండ మీద, జేగురుమట్టిని తుమ్మబంకలో కలిపి, వేలితో కొడుకు మొహం గీసింది. అది చూసి, తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు తలా ఒక బండ మోసుకొచ్చారు. పాడుబడిన పశువుల ఆస్పత్రి గదిని ఊడ్చి, గోడ వెంట నిలబెట్టాం. మొహాలు గీయడం మా ముసల్మానుల్లో ఒప్పుకోరు. అందుకని, పోయినవాళ్లలో ఒకడైన వలి సాహెబ్‌కు పార పట్టుకున్న చేతులు మాత్రమే గీశాం. ఎనిమిది వరకు చదివాను గనుక పేర్లు, తేదీలు రాసే పని నాకు పడింది. కడప నుంచి వచ్చిన విద్యార్థులు గుమ్మం మీద ‘శ్రమజీవుల చిత్రశాల’ అని బోర్డు పెట్టారు. మేం బొమ్మలగది అనేవాళ్లం. పక్క ఊళ్ల నుంచి కూడా ఆటోలు కట్టుకుని వచ్చేవారు. మిల్లు యజమాని రాఘవేంద్రప్రసాద్ సైతం ఒకసారి చూసి, "శానా బాగుండాయమ్మా" అన్నాడు.

విద్యార్థులు అర్జీ పెడితే అధికారి విచారణకు వచ్చాడు. మిల్లులో దుమ్ము ఉందని ఆయన రాస్తేనే బతికున్నవాళ్లకు పరీక్షలు, వైద్యం. ఆరోజు మిల్లంతా కడిగి పెట్టారు. సాక్ష్యం చూపిస్తామని మేమే ఆయన్ను బొమ్మలగదికి తీసుకుపోయాం. యజమాని వెనకాలే వచ్చాడు.

"యాడ సార్ దుమ్ము? వీళ్లు గీసుకున్న బొమ్మలే చూడండి. ఒక్కొక్కడు పెండ్లికొడుకు మాదిరి ఉండాడు."

అప్పుడు చూశాను. దువ్విన తలలు, ఉతికిన చొక్కాలు. ఒక్క మొహాన పొడి లేదు. వలి సాహెబ్ గోళ్లు కూడా శుభ్రంగా ఉన్నాయి.

"సచ్చినోళ్లను కడగకుండా పంపుతామా సార్?" అంది పీరమ్మ.

"నాకు కనపడిందే రాసుకుంటానమ్మా. ఇంకేమన్నా ఉంటే మూడు దినాల్లో చూపించండి."

ఆ సాయంత్రం అందరం గదిలో చేరాం. బొమ్మల మీద పొడి చల్లుదామని పీరమ్మే అంది.

"మొగుని మొగాన నేనే దుమ్ము కొట్టేదా? నా చేత కాదు," అంది వెంకటలక్ష్మమ్మ.

"బతికినన్నాళ్లూ వాళ్లు కొడితే కొట్టించుకున్యాడు కదక్కా," అన్నాను.

దావూద్ గడప దగ్గరే నిలబడి, "మిల్లు మూస్తే ఏం తింటారు, బండలా?" అన్నాడు.

"మూయమని ఎవురడిగినారప్పా? దుమ్ము లేయకుండా నీళ్లు చల్లి పిండి కొట్టమంటాండాం." పీరమ్మ దావూద్ వైపు తిరిగింది. "నీకేంలే, చేతులే కదా గీసేది. చిన్న బండ చాల్తాది."

కొందరు నవ్వారు. దావూద్ తల దించుకున్నాడు.

మరునాడు దావూద్ చొక్కా ఉతకనివ్వలేదు. గదిలో గోనెపట్ట పరిచి దాని మీద దులిపాడు. ఆడవాళ్లు ఇంటి కప్పుల మీది పొడి ఊడ్చి చేటల్లో తెచ్చారు. ముక్కులకు కొంగులు కట్టుకుని, బండలకు బంకనీళ్లు రాసి చల్లాం. వెంకటలక్ష్మమ్మ కళ్లు మూసుకుని చల్లింది. ఉరుకుందు కనురెప్పలు తెల్లబడ్డాయి.

"ఇప్పుడు నా కొడుకే," అంది పీరమ్మ. "షిఫ్టు దిగి ఇట్నే వచ్చేటోడు."

మూడో రోజు ఆ అధికారి రాలేదు. రెవెన్యూ వాళ్లు, పోలీసులు వచ్చారు. సర్కారు గదిని ఆక్రమించామట. బండలను ట్రాక్టర్లోకి విసిరారు. మూడు పగిలాయి. పీరమ్మ ఉరుకుందు బండను వదల్లేదు.

"గది మీదైతే గది తీసుకోండి. వీడు నా కొడుకు."

బండతో సహా ఆమెను జీపు ఎక్కించారు. విధులకు అడ్డం వచ్చిందని కేసు. గదికి తాళం, లక్క సీలు.

మర్నాడు మిల్లు సైరన్ మోగినా ఎవరూ లోపలికి పోలేదు. ఎనభై మంది, ఒంటి మీది పొడి కడుక్కోకుండా, గేటు ముందు కూర్చున్నారు. దావూద్ ముందు వరసలో ఉన్నాడు. పాపను కొంగులో చుట్టుకుని నేనూ కూర్చున్నాను. అందరికీ పరీక్షలు చేయించేదాకా లేవమన్నాం. ఇవ్వాళ్టికి పదకొండు రోజులు. లేస్తే బయటి కూలీలను దింపుతారు, అందుకే గేటు విడిచి పోలేకున్నాం.

పీరమ్మ కడప జైల్లో ఉంది. ఇది చదివిన మీలో ఎవరైనా అటు పోతే ములాఖత్‌కు పేరు రాయించుకోండి. పడుకుంటే ఆమెకు ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. గోడ పక్కన చోటు దొరికిందో లేదో కనుక్కోండి.