త్రోబాల్‌లో పట్టేవాళ్లు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ల త్రోబాల్ జట్టుకు వర్షిణి కెప్టెన్. ఆదివారం పక్క అపార్ట్‌మెంట్‌తో ఫైనల్. జట్టుకు ఏడుగురిని ఎంచుకోవడానికి అందరిచేతా బంతి విసిరించి చూసింది. గట్టిగా విసిరినవాళ్లు లోపల, మిగతావాళ్లు బయట. అలా బయట మిగిలినవాళ్లలో ఆమె అత్తగారు సత్యభామ కూడా ఉంది.

సత్యభామకు కుడిభుజం సరిగ్గా లేవదు, నిజమే. నోరు మాత్రం బ్రహ్మాండంగా లేస్తుంది. ఫైనల్ ఆడాలని రోజూ పొద్దున్నే ప్రాక్టీసుకు వచ్చిన మనిషి, పక్కన కూర్చుని చప్పట్లు కొడుతుందా?

“పేరు చూసి ఏమారినావమ్మా,” అంది అందరి ముందూ. “ఫుట్‌బాల్ అంటారు, గోల్‌కీపర్ చేత్తో పట్టుకోడా? బాస్కెట్‌బాల్ అంటారు, ఆ బుట్టకి అడుగు యాడ ఉండాది? ఇదీ అంతే. త్రోబాల్ అని పేరు పెట్టినారు గానీ, పాయింట్లు పోయేది బంతి పట్టలేకనే. ఎవురు పట్టగలరో చూసినావా నువ్వు?”

“విసరకుండా గేమ్ ఎలా గెలుస్తాం అత్తయ్యా?”

“నా మీదికి విసురు. ఒక్కటి జారినా మళ్లా మాట్లాడను.”

వర్షిణి మొహమాటపడలేదు. ఆఫీసు మీద ఉన్న కోపం కూడా కలిపి విసిరింది. సత్యభామ రెండు చేతులూ చాచి, ఒంటికి తగలనీయకుండా, ప్రతి బంతినీ ఒడిసి పట్టింది. తర్వాత తను వేయడం మొదలుపెట్టింది. భుజం లేచినంత మేరకే, నెట్ దాటీ దాటనట్టు మెత్తగా. ఇదెంత పని అనుకుంటూ ముందుకు ఉరికిన వర్షిణి, వచ్చినదాన్ని వచ్చినట్టే నేలపాలు చేసింది.

“సరే, మీరు టీమ్‌లో ఉన్నారు,” అంది చివరికి చేతులు దులుపుకుంటూ. “మరి ఎవర్ని తీసెయ్యమంటారు?”

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా చెప్పుల వంక చూసుకోసాగారు. ఇంతసేపూ తన చోటు కోసమే పోట్లాడింది గానీ, అది ఇంకొకరి చోటన్న సంగతి సత్యభామకు తట్టనే లేదు. ప్రాణం ఉసూరుమంది. అయినా, పట్టగలిగినవాళ్లే ఆడాలని ఊరందరికీ చెప్పిన న్యాయం కోడలి దగ్గరికి వచ్చేసరికి మింగేస్తే ఏం బాగుంటుంది?

“నిన్నే,” అంది.

వర్షిణి కళ్లలో నీళ్లు తిరిగాయి. బంతి తీసి అత్తగారి చేతిలో పెట్టింది. నెట్ అవతలికి వెళ్లి, రెండు చేతులూ చాచి నిలబడింది.

“ఆదివారందాకా టైముంది కదా. వెయ్యండత్తయ్యా. నా ప్లేస్ నేనే తెచ్చుకుంటాను.”