ఇస్త్రీ బల్ల మీద బాంబర్

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పలేదు. నేనూ ఇన్నాళ్ళు చెప్పలేదు. విని మీరు ఇస్త్రీ బల్ల ఎక్కుతారేమోనని భయం. ఎక్కకండి. ముందే చెబుతున్నాను.

ఒకాయన ఉండేవాడు. కంప్యూటర్లో ఆడే యుద్ధవిమానాల ఆటకి విమానాలు తయారుచేయడం ఆయన పని. రెక్క ఎంత పొడవు, ఇంజనుకి ఎంత బలం, ఎంత వేగంతో దిగాలి, అన్నీ లెక్క ప్రకారం ఎక్కించి ఎగరేసి చూసేవాడు. తెర మీద విమానం లేస్తే, కంప్యూటరు పెట్టిన బల్ల కూడా నేల విడిచి లేచేది. విమానం దిగితే బల్లా దిగేది. అది ఎంత వేగంగా నేలని తాకితే ఇదీ అంత గట్టిగా తాకేది. అందుకని ఆఫీసులో బల్లల్ని గొలుసులతో కట్టేశారు. ఊడ్చే ఆవిడ మాత్రం వారానికోసారి గొలుసులు విప్పించి, "కాస్త లేపండి నాయనా, కింద చెత్తంతా అలాగే ఉంది" అనేది.

ఇంట్లో ఆయన ఇస్త్రీ బల్ల మీద పనిచేసేవాడు. నాలుగో అంతస్తులో రెండు గదులు, ఇంకో బల్లకి చోటు లేదు. "నా బట్టలు మడతలతోనే తిరుగుతున్నాయి" అని భార్య రోజూ అంటూనే ఉండేది.

ఆ నెల చేతికొచ్చింది పాతకాలపు బాంబర్. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, చెక్క చట్రం మీద బిగించిన గుడ్డ, పైకప్పు లేని రెండు సీట్లు. దాన్ని నడిపినవాళ్ళ కోసం అచ్చువేసిన పాత పుస్తకం ఒకటి దొరికింది. అంకెలు చదివి చెప్పే పని, వాళ్ళతోనే ఉంటున్న అత్తగారిది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరు.

"దిగేటప్పుడు వేగం గంటకి అరవై అయిదు కిలోమీటర్లు."

"అంతేనా అత్తయ్యా?"

"పుస్తకంలో అంతే ఉంది. నన్నడుగుతావేం, నేను నడిపానా?"

ఆయన పై అధికారిని ఆఫీసులో అందరూ గడువుగారు అనేవాళ్ళు. ఆ ఒక్క మాట తప్ప ఆయన నోట ఇంకోటి వచ్చేది కాదు మరి. "అరవై అయిదా? స్కూటర్లు దాటిపోతాయి దాన్ని! ఆడేవాళ్ళు నిద్రపోతారయ్యా. రెట్టింపు చెయ్యి. గడువు వచ్చే వారం శుక్రవారం" అన్నాడు. మనవాడు వారం రోజులు కుదరదన్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం విసుగొచ్చి నూట ముప్ఫై అని కొట్టి, అత్తగారికి చెప్పకుండా కంప్యూటరు మూత వేసేశాడు.

మర్నాడు పొద్దున్నే కర్టెన్లు విప్పబోయి, అత్తగారు స్టూలు మీంచి వెల్లకిలా పడింది.

అంబులెన్సు వాళ్ళిద్దరూ పరుగున వచ్చారు. డాక్టరు ఫోన్లో గట్టిగా చెప్పాడు. "వెన్ను కర్రలా నిటారుగా ఉండాలి. ఏమాత్రం వంగినా ఆవిడ మళ్ళీ నడవకపోవచ్చు." మెట్లు చూస్తే ఇరుకు. స్ట్రెచర్ మలుపు దగ్గర తిరగదు. లిఫ్టు అసలే లేదు.

"ఇంట్లో ఏ విమానం ఉంది సార్?" అని అడిగాడు వాళ్ళలో పెద్దాయన, ఇస్త్రీ బల్ల మీది కంప్యూటరు చూసి.

"రెండు వరసల రెక్కల బాంబర్."

"నెమ్మదిగా దిగుతుందా?"

అల్లుడు మూసిన కంప్యూటరు వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన మనిషికి ఆ మొహం చాలు. నేల మీద కదలకుండా పడుకునే అడిగింది. "అంకె మార్చావా?"

"మార్చాను అత్తయ్యా. నిన్న."

"ఎంత చేశావ్?"

"రెట్టింపు."

"దిద్దు ముందు. ఇవాళ్టికి ఒకసారి పడ్డాను, చాలు."

ఆయన మూత తెరిచి దిద్దాడు. తన బరువుకి చోటు కావాలని, విమానంలోని బాంబులు కూడా తీసెయ్యమంది ఆవిడ. "నాలుగూ కలిపి రెండు వందల కిలోలు. నేను అందులో సగం కూడా ఉండను."

"సగం కంటే కాస్త ఎక్కువేనమ్మా" అంది కూతురు, ఏడుస్తూనే.

బల్ల కాళ్ళు మడిచి, ఆవిడని దాని మీద పట్టీలతో బిగించారు. ఇస్త్రీపెట్టె పెట్టుకునే చోట, ఆవిడ పాదాల అవతల, కంప్యూటరు కట్టారు. విమానాన్ని తిప్పే, వైరు లేని జాయ్‌స్టిక్ పట్టుకుని అల్లుడు బాల్కనీలో నిలబడ్డాడు. విమానం లేచింది. బల్ల లేచింది. మిగతా ముగ్గురూ కలిసి దాన్ని రెయిలింగు దాటించి మెల్లగా బయటికి తోశారు. అంబులెన్సు వాళ్ళు కిందికి పరుగెత్తారు.

ఇక అల్లుడికి తెర కనబడదు. అత్తగారికి కనబడుతుంది.

"తొంభై. ఇంజను తగ్గించు. ఎనభై... ఎడమ రెక్క వాలుతోంది, సరిచెయ్యి. ఊఁ, అదీ."

మూడో అంతస్తు కిటికీలో పళ్ళు తోముకుంటున్న పెద్దమనిషి, "ఏమైంది టీచరుగారూ?" అన్నాడు.

"పడ్డాను. మాట్లాడించకండి, అంకె తప్పుతాను. డెబ్బై రెండు. ముక్కు కాస్త ఎత్తు అల్లుడూ. కాస్తే అన్నాను!"

రెండో అంతస్తు. మొదటి అంతస్తు. ఇంజను పూర్తిగా ఆపమంది. వీధంతా నిశ్శబ్దమైపోయింది. తెర మీది విమానం రెక్కల మధ్య తీగలు గాలికి సన్నగా ఈల వేయడం ఒక్కటే వినిపిస్తోంది.

"అరవై ఎనిమిది... అరవై ఆరు... అరవై అయిదు."

బల్ల రోడ్డు మీద ఆనింది. ఆవిడ కళ్ళజోడు కూడా కదల్లేదు.

మధ్యాహ్నానికి ఆపరేషన్ గదిలోంచి డాక్టరు బయటికొచ్చి, కాలివేళ్ళు కదుపుతున్నారని చెప్పాడు. కూతురు గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అల్లుడికి అప్పటిగ్గాని తాను చెప్పుల్లేకుండా వచ్చానని తెలియలేదు. అప్పుడే గడువుగారి ఫోను.

"వేగం ఎంత పెట్టావయ్యా?"

"పుస్తకంలో ఉన్నదే సార్. ఆ అంకెతోనే ఇవాళ మా అత్తగారిని ఆసుపత్రికి దించాం. ఇక మార్చను."

గడువుగారు గొంతు తగ్గించాడు. "మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. గడువు మాట ఎత్తలేదు.

మూడు నెలలకి ఆవిడ లేచి నడిచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఆ నాలుగు అంతస్తులూ తన కాళ్ళతోనే ఎక్కింది, దిగింది.

పిల్లలూ, నేను దగ్గర లేని చోట, ఎప్పుడైనా ఆసుపత్రి వరండాలో ఎవరైనా ఒంటరిగా కూర్చుని తలుపు వైపే చూస్తూ కనబడితే, పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. తలుపు తెరుచుకునేదాకా చెబుతూనే ఉండండి.