మూడో చీటీ

మొక్కజొన్న పిండి ఉగాలి అడుగంటకుండా గరిటె తిప్పుతుంటే మా ఆయన మ్వచోఫి వంటింటి గుమ్మంలో నిలబడి, "సరూ, ఆ చీటీ మార్చి రాసిపెట్టు. రెండు గంటల మటాటూ బండిలో పురుగు నైరోబీ మ్యూజియానికి వెళ్ళిపోవాలి," అన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

అది గోరంత పేడపురుగు. మా తైతా కొండల అడవిలో తప్ప ఎక్కడా లేదట, లోకం ఇంకా దానికి పేరే పెట్టలేదట. ఆయన మూడేళ్ళు పేడ ఎరగా పెట్టిన గిన్నెలు నేలలో పాతి కాచుకున్నా ఒక్కటీ పడలేదు. కట్టెలకి వెళ్ళిన నాకు పుచ్చిన దుంగ కింద దొరికింది. లెసో చెంగున కట్టుకుని తెచ్చాను. సూదికి గుచ్చి, కింద చీటీ పెట్టాను: ఊరు, తేదీ, సేకరించినవారు సరు. రెక్కల పెంకులు అతుక్కుపోయాయని, ఇది ఎగరలేదని కనిపెట్టిందీ నేనే. బొమ్మలు పద్దెనిమిదీ నేనే గీశాను. "ఎగరలేని పురుగుకి ఇంత ఊడిగమా" అని అత్తగారు నవ్వారు. నన్నే అన్నారేమోనని ఆ రోజంతా మండిపోయాను.

ఆ పురుగు మీద ఆయన రాసిన వ్యాసంలో నా పేరు లేదు. అడిగితే చివర్లో 'నా భార్యకు కృతజ్ఞతలు' అని వేస్తానన్నాడు. భార్యకి పేరుండదా? కట్టెలకి వెళ్తే దొరికిందంటే మ్యూజియంలో పెద్దవాళ్ళు నవ్వుతారట. నీదీ నాదీ ఏముంది, ఒకే ఇల్లు కదా అని సముదాయించాడు. ఇల్లు ఒకటే, నిజమే. గరిటె మాత్రం ఎప్పుడూ నా చేతిలోనే ఉంది.

చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే రాశాను: సేకరించినవారు మ్వచోఫి.

"పాతది పొయ్యిలో పడెయ్," అన్నాడు.

పెళ్ళైన కొత్తలో ఈ పని నేర్పుతూ ఆయనే చెప్పాడు. మొదటి చీటీ తప్పైనా సరే, సూది నుంచి తీయకూడదు. దిద్దుబాటు ఇంకో చీటీ మీద రాసి దాని కింద గుచ్చాలి. కొత్త పేరుకి ఆధారంగా మ్యూజియంలో దాచే తొలి పురుగుని వందేళ్ళ తర్వాతైనా ఎవరో ఒకరు తెరిచి చూస్తారు.

వీధిలో హారన్ మోగింది. పురుగు కిందుగా సూదికి చీటీ ఎక్కిస్తున్నాను. సూది కాస్త జరిగితే కాలు ఊడిపోతుంది, ఉన్నది ఈ ఒక్క పురుగే. ఆయన వెనకే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"రాశావా?"

"రాశానండీ."

మూత పెట్టి పెట్టె చేతికిచ్చాను. తెరిచి చూడలేదు. నా పని ఆయన ఎన్నడూ సరిచూసుకోలేదు, అంత నమ్మకం. తనే పరుగున వెళ్ళి బండిలో పెట్టి వచ్చాడు.

లోపల సూదికి మూడు చీటీలున్నాయి. పైన నాది. దాని కింద ఆయనది. అన్నిటికన్నా కింద, ఆవగింజంత అక్షరాల్లో: "మొదటిది నిజం. రెండోది నా భర్త చెబితే రాశాను. సరు."