పికప్పు బండికి మెడ కొలత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఈ కథంతా ఆ కోపం వల్లే జరిగింది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఇరవై ఆరేళ్ళు ఒకే సందులో, ఒకే గదిలో బట్టలు కుట్టాను. ఆ భవనం పడగొట్టి కొత్తది కడతామని, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలని యజమాని చెప్పి వెళ్ళాడు. చుట్టుపక్కల ఇంకో గది దొరకలేదు. అప్పుడు మా అక్క రంగంలోకి దిగింది. ఊరి చివర చొక్కాల ఫ్యాక్టరీలో ఒక వరస మిషన్లకి ఆవిడ సూపర్‌వైజరు.

"ఒకటో తారీకు సోమవారం పడింది. ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుండు. కాలర్ల దగ్గర నీకు చోటు మాట్లాడాను," అంది.

"కాలర్లేనా, ఇంకేమన్నా ఉంటాయా?"

"కాలర్లే. రోజుకి నాలుగొందల కాలర్లు. బుర్రతో పనిలేదు, హాయిగా ఉంటుంది."

ఆ హాయి తలుచుకుంటేనే నాకు ఊపిరాడలేదు. నా కొట్టుకి మనుషులు వచ్చేవాళ్ళు. ఒక భుజం కిందికి జారిన మాస్టారు, వారానికోసారి లావు తగ్గానని చెప్పే మందుల షాపావిడ, పొడుగు చేతుల చొక్కాలు తప్ప వేసుకోని ముసలాయన. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి కుట్టేదాన్ని. అదంతా పోయి, ఇక రోజంతా మెడల్లేని కాలర్లు. అయినా లోకం మీదంతా లేచే నా నోరు అక్క ముందు మాత్రం పెగలదు. సరే అనేసి, కోపం లోపలే మింగి బయటపడ్డాను.

ఇంటికొచ్చే దారిలో మంచినీళ్ళ డబ్బాలు వేసే ఆయన పెరట్లో ఒక పాత పికప్పు కనబడింది. మూడేళ్ళుగా అక్కడే నిలబడి ఉంది. ఎడం వైపు తలుపుకి తాడు కట్టారు. సీటు చిరిగి లోపలి పీచు బయటికొచ్చింది. ముందు చక్రాలు రెండూ నేలకి అతుక్కుపోయాయి. కానీ వెనక తొట్టి మాత్రం గట్టిగా, వెడల్పుగా, చదునుగా ఉంది. చేతులతో కొలిచి చూశాను. నా కాలి మిషను, బట్టలు కోసే బల్ల, ఒక స్టూలు, అన్నీ పట్టి ఇంకా మూరెడు మిగులుతుంది. ఈ గదిని ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేరు.

తూకానికి అమ్మేద్దామనుకుంటున్న బండిని అడిగిందే చాలని ఆయన నాకిచ్చేశాడు. ఇవ్వడమే కాదు, మనసు మార్చుకుంటానేమోనని తనే తాడు కట్టి మా ఇంటి ముందుకి లాగించి పడేశాడు.

మా ఆయన గ్రంథాలయంలో పని చేస్తారు. బండిని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "పెళ్ళికి ముందు మీ నాన్న కూరగాయల వ్యాను నడిపావని తెలుసు. బాగుచేశావని మాత్రం ఎప్పుడూ చెప్పలేదే," అన్నారు.

"చెయ్యలేదు కాబట్టి చెప్పలేదు. ఇదే మొదటిది," అన్నాను.

మా మరిది బస్సు డిపోలో మెకానిక్కు. వాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిందకి వంగి చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"వదినా, దీన్ని కొనమన్నదెవరు? పేరు చెప్పు, వెళ్ళి మాట్లాడొస్తాను."

"నేనే."

"అయితే ఏం మాట్లాడను," అన్నాడు. కాసేపు నసిగి, చివరికి ఒక షరతు పెట్టాడు. సాయంత్రాలు వచ్చి చెయ్యి వేస్తాడు. పని నేనే చెయ్యాలి. సోమవారానికి ముందు ఆదివారం లోపల ఈ బండి మా వీధి చివరి ఎత్తు ఎక్కితే నాది. ఎక్కకపోతే వాడే తూకానికి తోలేస్తాడు, నేను నోరు మూసుకుని అక్క వెంట వెళ్ళాలి. అప్పటికి ఇరవై రోజులుంది.

నాకు తెలిసిన పనితో మొదలుపెట్టాను. సీటు విప్పి, పాత గుడ్డని ముక్కలు ముక్కలుగా ఊడదీసి, వాటిని అచ్చులుగా పెట్టుకుని మందపాటి గళ్ళ గుడ్డతో కొత్త సీటు కుట్టేశాను. రెండు రోజుల్లో అయిపోయింది. మా మరిది దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాడు.

"గుండె ఆగిపోయినోడికి కోటు కుట్టినట్టుంది వదినా. ఇంజను సంగతేంటి?"

ఒంటికాలి మీద లేచి వాడి చేతిలో స్పానరు లాక్కున్నాను. ఆ రోజు నుంచి నా గోళ్ళు మామూలు రంగులో లేవు. ట్యాంకులో కుళ్ళిన పెట్రోలు తీసేశాను. ప్లగ్గులు విప్పి గీకాను. తుప్పు పట్టిన బోల్టులకి నూనె పట్టించి, పొద్దున్నే లేచి ఒక్కొక్కదాన్ని బతిమాలాను. విప్పిన ప్రతి ముక్కనీ గుండీల డబ్బాల్లో వేసి చీటీలు అంటించాను. దీన్ని మాత్రం మా మరిది మెచ్చుకున్నాడు. డిపోలో ఇలా చేసేవాళ్ళుంటే సగం గొడవలు ఉండవన్నాడు.

మా ఆయన తన వంతుగా గ్రంథాలయం నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, పక్కన కుర్చీ వేసుకుని గట్టిగా చదివేవారు. మా బండిలో ఎక్కడా లేని భాగాల పేర్లు వస్తుండేవి. నాలుగో రోజున అట్ట తిప్పి చూస్తే అది ట్రాక్టరు పుస్తకం. "ఇంజను ఇంజనే కదా," అన్నారాయన నిమ్మళంగా. నేను నవ్వలేక, తిట్టలేక బండి కిందకి దూరాను.

పదిహేనో రోజున ఇంజను దగ్గింది. పదహారో రోజున నిలబడి కొట్టుకుంది. వీధిలో సగం మంది బయటికొచ్చి చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ వల్ల అని చెప్పాను.

మిగిలిందల్లా ఒక చోట నీళ్ళు కారడం. ఇంజను నుంచి వేడి నీళ్ళు రేడియేటరుకి వెళ్ళే చోట ఒక ఇనప మూతి ఉంటుంది. ఆ మూతికీ ఇంజనుకీ మధ్య అట్టలాంటి ప్యాకింగ్ ఉంటుంది. పాతది చేతిలోకి తీసుకోగానే పొడి పొడి అయిపోయింది. ఏ షాపులోనూ ఈ మోడలుది దొరకలేదు. మా మరిది ప్యాకింగ్ షీటు ఒక ముక్క తెచ్చిచ్చి, "దీంట్లోంచి కోసుకోవాలి," అన్నాడు.

"కత్తెర పని నాకొదిలెయ్యి. నువ్వు బ్రేకులు చూసుకో," అన్నాను.

వాడు బండి కింద ఉండగా, మూతి మీద కాగితం అదిమి అచ్చు తీశాను. షీటు మీద సుద్దతో గీశాను, కోశాను, బిగించాను. వాడు పైకి వచ్చేసరికి బోల్టులు కూడా తుడిచి పెట్టాను. చుక్క నీరు కారలేదు. ఆ రోజు నాకు గర్వంతో కాళ్ళు నేల మీద ఆనలేదు.

శనివారం ఉదయం బండి తీసుకుని బయల్దేరాను. మందుల షాపు మలుపు దాటగానే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. వెంటనే ఇంజను ఆపేశాను. నలుగురు తోసి ఇంటికి చేర్చారు.

మా మరిది వచ్చి రేడియేటరు చూశాడు, పంపు చూశాడు, ఫ్యాను చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. వాడి మొహంలో వేళాకోళం పోయింది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

"హెడ్డు వంగుంటుంది వదినా. ఇంజను పై భాగమంతా విప్పాలి. రేపటికి అయ్యే పని కాదు. నెలైనా పడుతుంది," అన్నాడు.

నేను స్పానరు తుడిచి డబ్బాలో పెట్టేశాను. ఏదో ఒకటి తిడతానని ఇద్దరూ ఎదురుచూశారు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, ఇన్నాళ్ళు సరదాగా గడిచింది," అన్నారు. సరదా మాట నిజమే. అందుకే ఇంకా దుఃఖం వచ్చింది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, నాకు నేనుగా మొదలుపెట్టిన పని ఇదొక్కటే.

ఆదివారం పొద్దున్న కొట్టు గదిలో చివరి బట్టలు సర్దుతుంటే, ఆసుపత్రి నర్సు వచ్చింది. రెండు రోజుల క్రితం ఆమెకి డ్యూటీ చొక్కా కుట్టిచ్చాను.

"మెడ దూరట్లేదండీ. తల మధ్యలో ఇరుక్కుపోతే మా ఆయన లాగాల్సొచ్చింది," అంది.

"కావాలనే చిన్నగా పెట్టానమ్మా. కన్నం ఎప్పుడూ చిన్నగానే కోసుకోవాలి. తర్వాత పెద్దది చెయ్యొచ్చు. ముందే పెద్దగా కోసేస్తే చచ్చినా చిన్నది కాదు," అని కత్తెర అందుకున్నాను.

అని, అక్కడే ఆగిపోయాను.

"ఏమైందండీ?" అంది నర్సు.

చొక్కా ఆమె చేతిలో పెట్టి ఇంటి వైపు దాదాపు పరిగెత్తాను. ఆమె కూడా కంగారుగా నా వెనకే వచ్చింది. బండి మీద వంగి ఆ మూతికున్న రెండు బోల్టులు విప్పాను. ప్యాకింగ్ మధ్యలో కన్నం చూశాను. మూడు వేళ్ళు పట్టాల్సిన చోట ఒక్క వేలు పట్టింది. గీసేటప్పుడు నాకు గుర్తే లేదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే గీతకి లోపలగా కోసేసింది.

మా మరిదిని పిలిచాను. వాడు కన్నం చూశాడు, నన్ను చూశాడు, నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇంజనుకి కూడా మెడ చిన్నగా కోశావా వదినా. నీళ్ళు తల దూర్చలేకపోయాయి పాపం." నర్సుకి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆవిరి చూడగానే ఆపేశాను కాబట్టి హెడ్డుకి ఏమీ అయ్యుండదని వాడే అన్నాడు.

గీత మీదుగా సరిగ్గా కోసి ఇంకో ప్యాకింగ్ బిగించాను. అదే కత్తెరతో నర్సు చొక్కా మెడ కూడా వెడల్పు చేసి పంపించాను. సాయంత్రం ఐదింటికి బండి మా వీధి ఎత్తు ఎక్కింది. నమ్మకం కుదరక దిగి మళ్ళీ ఎక్కాను, మూడోసారీ ఎక్కాను. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఇంటి గుమ్మంలో మా ఆయన ట్రాక్టరు పుస్తకం ఊపుతూ నిలబడ్డారు.

ఇక మిగిలింది అక్క. ఫోన్లో చెబితే సరిపోయేది. కానీ మొహం చూసి చెప్పకపోతే జన్మంతా నాకే సిగ్గుగా ఉంటుంది. సోమవారం ఎనిమిదింటికి, వెనక మిషను, బల్ల, స్టూలు, బట్టలు ఎక్కించుకుని, ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆపాను. అక్క బూడిదరంగు ఏప్రను వేసుకుని, నా పేరున్న కార్డు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"నేను రావట్లేదక్కా. నా కొట్టు ఇదే," అన్నాను.

"మేనేజరుకి నేనేం చెప్పుకోను? నీ కోసం మాటిచ్చానే. ఈ డొక్కు బండిని నమ్ముకుని బతుకుతావా?" అంది. సైరన్ మోగింది. కార్డు ఏప్రను జేబులో కుక్కుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అక్కని బాధపెట్టానని మనసు చివుక్కుమంది. వెళ్ళిపోదామంటే కాళ్ళు రాలేదు. అంతలో గేటు కాపలాదారు వచ్చి వెనక ఏముందో తొంగి చూసి, తన చొక్కా ఎప్పుడూ పొట్ట దగ్గర పట్టేస్తుందని, కొత్తది కుట్టగలనా అని అడిగాడు. కొలతలు తీసుకుని నీలం బట్ట కోసి, ముక్కలు పరుచుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ అక్క వచ్చింది. మొహం ముడుచుకునే ఉంది. బండి చుట్టూ తిరిగి, సీటు కుట్టు వేలితో నొక్కి చూసి, వెనకెక్కింది. నేను లేచి చోటిచ్చాను. మిషను ముందు కూర్చుని, కోసి పెట్టిన ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. వీపు, ఛాతీ, చెయ్యి. మణికట్టు దగ్గర వచ్చే కఫ్ ముక్క చేతిలోకి రాగానే ఆగకుండా కుట్టేసింది. నా కుట్టు కంటే తిన్నగా ఉంది. తర్వాత చెయ్యి ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"పంతొమ్మిదేళ్ళు కఫ్‌లు కుట్టాను. తర్వాత కఫ్‌లు కుట్టేవాళ్ళని చూసుకుంటున్నాను," అంది. "చెయ్యి భుజానికి ఎలా కలుపుతారో మర్చిపోయానే."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కాళ్ళు అందకపోతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మిషను తొక్కడం నేర్పింది అక్కే. నా మొదటి గౌనుకి చేతులు కలపడం చూపించిందీ తనే. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చెయ్యి ముక్క తిప్పి భుజం మీద పెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో చూపించాను.

లోపల సైరన్ మోగింది. గేటు కాపలాదారు అక్కని చూసి గడియారం చూపించాడు.

"ఈ చెయ్యి అయ్యాక వస్తానని చెప్పు," అంది అక్క, మిషను తొక్కుతూ.