పద్మశ్రీ వేసిన గోడలు

మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక సీతారత్నం కింద కూర్చోలేకపోయింది. వంటింట్లో పీటలు వేసుకుని అందరూ తింటుంటే ఆవిడ ఒక్కతే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని తినేది. అది చూస్తుంటే కోడలు పద్మశ్రీకి ముద్ద దిగేది కాదు.

కొత్తపేటలోని ఆ ఇంట్లో వంటగది పక్కనే ఓ చిన్న గది ఉంది. ఏళ్ల తరబడి అందులో ఎండు కొబ్బరికాయలే పోస్తున్నారు. దాన్ని భోజనాల గది చేద్దామంది పద్మశ్రీ. భర్త శివశంకర్ రంగులు వేసే మనిషికి కబురు పెట్టాడు. అతను రేపన్నాడు, ఆదివారమన్నాడు, ఆఖరికి ఫోను ఎత్తడమే మానేశాడు.

"నేనే వేస్తానండీ," అంది పద్మశ్రీ.

"జాకెట్లు కుట్టడం అనుకున్నావేంటి?" అని నవ్వాడు శివశంకర్.

"అది మాత్రం పుట్టుకతో వచ్చిందేంటండీ నాకు?"

మర్నాడే రంగుల కొట్టుకి వెళ్లింది. కొట్టు బంగారరాజు అన్నీ ఓపిగ్గా చెప్పి, "పాత సున్నం మొత్తం గీకెయ్యాలండీ. అక్కడ బద్ధకిస్తే అంతా పోయినట్టే," అన్నాడు.

ముక్కుకి తువ్వాలు కట్టుకుని రెండు రోజులు గీకింది. ప్రైమర్ కొట్టి, లేత పసుపు రంగు వేసింది. గది వెలిగిపోయింది. కానీ నాలుగో రోజుకల్లా అడుగున మోకాలెత్తు దాకా రంగు బుడగలు లేచి, పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

"నాకోసం ఎందుకమ్మా ఈ తంటా? వరండాలో బానే ఉంది కదా," అంది సీతారత్నం గుమ్మంలో నిలబడి.

పద్మశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. రాలిన పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుంది. వెనక వైపు తడిగా ఉంది. గబగబా పెరట్లోకి వెళ్లి చూస్తే, గిన్నెలు తోమిన నీళ్లు సరిగ్గా ఆ గోడ మొదట్లోనే మడుగు కట్టి ఉన్నాయి.

"ఏవండీ, గునపం తీసుకురండి!"

నవ్విన శివశంకరే కాలవ తవ్వాడు. నీళ్లు అరటి మొక్కలవైపు మళ్లాయి. గదిలో ఫ్యాను పెట్టి, మూడు వారాలు గోడని ఆరనిచ్చి, పద్మశ్రీ మళ్లీ మొదట్నించీ గీకింది. ఈసారి గోడ నున్నగా రావడానికి పుట్టీ రెండు పూతలు పెట్టింది. గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూసేది. కుట్టులో ముడత పట్టే చెయ్యి అది, గోడ మీద గతుకునీ అలాగే పట్టేది. రంగు వేశాక అటక మీదున్న పాత టేకు బల్లని దింపి, రుద్ది వార్నిష్ వేసింది. అత్తగారు మోకాళ్లు ఎక్కువ వంచక్కర్లేకుండా ఓ చెక్క కుర్చీ కాళ్ల కింద దిమ్మలు కొట్టి ఎత్తు చేసింది.

భోజనానికి బంగారరాజునీ, పక్కింటి కనకమహాలక్ష్మినీ పిలిచారు. బంగారరాజు కూర్చోకముందే గోడ తడిమాడు.

"రంగంటే మీరేసేరు, పుట్టీ ఎవరు పెట్టేరండీ? మాంచి పనోడే దొరికేడు మీకు!"

పద్మశ్రీ నోరు తెరిచేలోగా సీతారత్నం అందుకుంది. "పనోడు కాదండి, మా పద్మే. ఆయ్, ఒక్కత్తే వేసిందండి! ఓసారి పాడైపోతే మొత్తం గీకేసి మళ్లీ వేసింది." అంటూ కూర్చున్న చోటునించే గదంతా వేలు పెట్టి చూపించింది, ఏ మూలనీ వదలకుండా.

పద్మశ్రీ పనసపొట్టు కూర వడ్డిస్తూ తల వంచుకుంది గానీ, చెవులు మాత్రం అటే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ జాకెట్లు కుట్టింది. ఇంతమంది ఎదుట తన పని గురించి ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదలు. నవ్వు ఆపుకుందామన్నా ఆగలేదు.

"మా ముందు గదికీ వేసిపెడతావా పద్మా?" అంది కనకమహాలక్ష్మి చెయ్యి కడుక్కుంటూ.

"వస్తాను పిన్నిగారూ. రేపు సామాను తీసి ఉంచండి. గీకడం మాత్రం మీరూ నేనూ కలిసే."